ఇలకూర ఉడికించిన నీళ్లు

నెల్లూరు వెళ్లొచ్చానంటే మా మధిరలో కనపడిన ప్రతివాళ్లూ చేపల పులుసు గురించే అడిగారు. తిన్నాను. మామిడికాయ ముక్కలు వేస్తారు, మర్నాటికి ఇంకా బాగుంటుంది. ఆ ముచ్చట అంతటితో సరి. నేను వెళ్లింది పులుసు కోసం కాదు. మా కస్తూరి వదిన రక్తపోటు మాత్రలు మానేసి, ఆకులనూ వేళ్లనూ నమ్ముకుని కూర్చుందని వెళ్లాను.

మా అన్నయ్య వ్యవసాయ శాఖలో ఉద్యోగానికని ఆ జిల్లాకు పోయి, అక్కడే వదినను చేసుకుని, వాళ్లకు మగపిల్లలు లేరంటే ఇల్లరికం ఉండిపోయాడు. రిటైరయ్యాక రొయ్యల చెరువు వేశాడు. రెండేళ్ల కిందట ఆ చెరువు గట్టు మీదే కూలిపోయాడు. ఆస్పత్రికి చేర్చేలోపే అయిపోయింది. బీపీ పెరిగి మెదడులో నరం చిట్లిందన్నారు.

మొన్న కార్తీకంలో వాళ్లమ్మాయి శిరీష తడ నుంచి ఫోన్ చేసింది. అక్కడి కంపెనీలో ఉద్యోగం దానికి. "అత్తా, అమ్మకి పొద్దున మూతి ఒక పక్కకి లాగి, మాట తడబడి, సాయంత్రానికి సర్దుకుందంట. డాక్టరు దగ్గరికి పోదామంటే ఆకు తింటున్నాను గదా అంటది. నువ్వు కాలేజీలో చెట్ల పాఠాలు చెప్పినదానివి. నీ మాటయితే వింటది" అంది.

చెట్ల పాఠాలు చెప్పినమాట నిజమే. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నాకూ బీపీ ఉంది. పొద్దున్నే పళ్లు తోముకున్నంత మామూలుగా ఓ మాత్ర వేసుకుంటాను. మూతి లాగి సర్దుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. అది పక్షవాతానికి ముందుగా వచ్చే కబురు. బీపీ చూసే మిషను సంచిలో పెట్టుకుని రైలెక్కాను.

తోటపల్లి గూడూరు

బస్సు దిగేసరికి వదిన రోడ్డు మీదికి వచ్చి నిలబడి ఉంది. మనిషి చిక్కింది. "ఏందమ్మాయ్, అంత బక్కగా అయిపోయినావు?" అని నన్నే అంది.

ఆ ఊళ్లో ఒక పక్క వరి, ఒక పక్క రొయ్యల చెరువులు. చెరువుల్లో చక్రాలు తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటాయి, ఆ చప్పుడు మధ్యనే జనం నిద్రపోతారు. మా వైపు మిరప కల్లాల ఘాటు ఎలాగో, వీళ్లకు ఆ చప్పుడు అలాగ. అన్నయ్య పోయాక చెరువు కౌలుకిచ్చేసింది. గట్టు వైపు మాత్రం పోదు.

వచ్చిన ఉద్దేశం దాచడం నాకు చేతకాదు. మంచినీళ్లు తాగుతూనే మిషను తీసి ఆవిడ చేతికి పట్టీ చుట్టాను. పై అంకె చూసి, మిషను తప్పు చెప్పిందేమోనని రెండోసారి కొలిచాను. అదే వచ్చింది.

"వదినా, ఇది పిల్లలాట కాదు. మాత్రలు వేసుకోవాలి."

"వచ్చీరాంగానే మొదలుపెట్టినావా?" అని నవ్వింది. "మాత్రలేసుకుంటే కాళ్లు వాస్తుండాయి, తల తిరుగుతుండాది. నేనేం ఊరికే కూర్చోలేదు. ఉప్పు మానేసినా. ఊరగాయ ముట్టను, ఎండుచేప ముట్టను. ఆకు తింటుండా, కషాయం తాగుతుండా. నువ్వు చెట్లు చదివినదానివి గదా, నాతో తిరుగు. నా మందులు యాడి నుంచి వస్తాయో అన్నీ చూడు. చూసినాక గూడా పనికిరావంటే అప్పుడేసుకుంటా మాత్ర."

బేరం నాకూ నచ్చింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినేవాళ్లే షరతులు పెడితే ఆ లోకువ కాస్త తగ్గుతుంది.

భోజనానికి మొలగొలుకుల బియ్యం అన్నం, ఇలకూర పప్పు. ఇలకూర అంటే సూదుల్లా సన్నటి, మందపాటి ఆకు, కొసలు ఎర్రగా ఉంటాయి. మైపాడు దగ్గర పర్రల్లో, అంటే సముద్రపు పోటు నీళ్లు ఎక్కి దిగే చవిటి నేలల్లో, దానంతటదే పెరుగుతుందట. పట్టపోళ్లు, అదే, చేపలు పట్టేవాళ్లు తినే కూర. "బీపీకి దీన్ని మించింది లేదు" అంది వదిన. ఎవరు చెప్పారంటే, ఒకరు కాదు, పదిమంది చెప్పారట. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా. పెరట్లో మునగాకు ఉండగా మైపాడు దాకా పోవడం అందుకేనేమో అనుకున్నాను.

వండే పద్ధతి దగ్గరుండి చూపించింది. ఆకు ఎక్కువసేపు కడగకూడదు, సారం పోతుంది. ఉడికించిన నీళ్లు చుక్క కూడా పారబోయకూడదు. సగం పప్పులో పోయాలి, సగం మిరియాలు, జీలకర్ర వేసి మరిగించి తాగాలి. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. చారులా కమ్మగా ఉంది. మా వైపు గంగవాయిలు కూర పుల్లగా ఉంటుంది, ఇదీ అలాగే ఉంటుందనుకున్నాను. పులుపు లేదు. మారు వడ్డించుకున్నాను.

"ఉప్పు సరిగ్గా సరిపోయింది వదినా."

"ఉప్పా? మా ఇంట్లో ఉప్పు డబ్బానే లేదు గదా! ఇలకూరకి ఉప్పెయ్యబళ్లా. దేవుడు దాన్ని అట్టా పుట్టించినాడు."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో ఒక వెలుగు. భర్త పోయాక ఆవిడకు మిగిలిన పట్టుదల అదొక్కటే అనిపించింది. భోజనమయ్యాక మూడు స్టీలు క్యారేజీలు సర్దింది. వీధిలో బీపీ ఉన్నవాళ్ల ఇళ్లు మూడు. వాళ్లకు రోజు విడిచి రోజు పప్పు, కషాయం ఈవిడే పంపుతుంది. ఎదురింటి చెంగమ్మ తనే వచ్చి అందుకుంది. నడుము వంగిన పెద్దావిడ. "మీ వదిన చేతి మందు తాగినప్పటి నుంచి మాత్రల జోలికి పోలేదమ్మా నేను" అంది నాతో. అది మెచ్చుకోలుగానే చెప్పింది. నాకు మాత్రం అది మెచ్చుకోలులా వినపడలేదు.

నెల్లూరు బజారు

మర్నాడు పొద్దున చూసుకుంటే నా బీపీ కూడా ఎప్పటికన్నా పైన ఉంది. రైలు ప్రయాణం, నిద్ర చాలకపోవడం అని సరిపెట్టుకున్నాను. ఆవిడ రెండో మందు కొనే చోటికి బయల్దేరాం.

నెల్లూరు పెద్ద బజారు పక్క సందులో మస్తాన్ బాషా గారి మూలికల అంగడి. తాతల నాటి దుకాణమట. గోనెసంచుల్లో కరక్కాయలు, పిప్పళ్లు, తెల్లమద్ది చెక్క, సుగంధిపాల వేళ్లు. ఆ వాసనకి నాకు ఎప్పుడో చదువుకునేటప్పటి ప్రయోగశాల గుర్తొచ్చి సంతోషం వేసింది. వదిన తెల్లమద్ది చెక్క తూయించుకుంది. ధర మా ఊరి కంటే తక్కువే. అంతలో నాకు ఒక మూల సర్పగంధి వేళ్లు కనిపించాయి.

ఆ వేరు గురించి పిల్లలకు ఎన్నేళ్లో పాఠం చెప్పాను. వెనకటి కాలంలో బీపీకి ఇచ్చిన ఇంగ్లీషు మందు ఒకటి ఆ వేరులోంచి తీసిందే. అందుకే ఆకుల్లో వేళ్లల్లో మందు లేదని నేను అనను. ఉంది. ఏ వేరులో ఎంత ఉందో, ఏ మనిషికి ఎంత పడుతుందో తేల్చడమే కష్టం. ఎక్కువైతే బీపీతో పాటు మనసునూ కుంగదీసే వేరు అది. బాషా గారు దాన్ని వైద్యుడి చీటీ లేకుండా ఇవ్వరట. ఆయన మీద గౌరవం కలిగింది.

"మీకూ బీపీ ఉందా బాషా గారూ?" అని అడిగాను.

"లేకేం తల్లీ, అంగడి పెట్టుకున్నోడికి బీపీ రాకుండా ఉంటుందా?"

"మీరు ఇందులో ఏది వాడతారు?"

ఆయన గడ్డం నిమురుకుని, రోడ్డుకి అవతల ఉన్న మందుల షాపు వైపు చూపించాడు. "నేనాడ తెచ్చుకుంటా."

వదిన చిన్నబుచ్చుకుంది. "మరి మాకెందుకు అమ్ముతుండారు?"

"నువ్వు అడిగినావు, నేనమ్మినా. చెక్క మంచిదే అక్కా, అబద్ధం చెప్పను. పాలల్లో కాచుకుని తాగు. కానీ మాత్ర మానమని నేనెప్పుడన్నా చెప్పినానా?"

చెప్పలేదని వదిన ఒప్పుకుంది. బయటికొచ్చాక, "యాపారం చేసుకునేవాళ్లు అట్టానే చెప్తారులే. ఇలకూర యాపారం కాదు గదా, అది చూద్దువు రా" అంది. మలై కాజా కొనిపెట్టింది నాకు. తను తినలేదు. తీపిలోనూ చిటికెడు ఉప్పేస్తారేమోనని ఆవిడ అనుమానం.

మైపాడు

మైపాడుకు ఆటోలో వెళ్లాం. ఊరి పేరు వినగానే జనానికి ఇసుక, అలలు గుర్తొస్తాయి. మేం అలల దాకా పోనేలేదు. పట్టపుపాలెంలో పోలమ్మ ఇంటికి పోయాం. పోలమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని తోటపల్లి గూడూరు దాకా వచ్చి అమ్ముకునే మనిషి. వదినకు ఆకు తెచ్చిచ్చేది ఆమే. బదులుగా వదిన బియ్యం ఇస్తుంది. మేం వెళ్లేసరికి వాళ్లాయన వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. మేం పలకరిస్తే తలూపాడు, చెయ్యి మాత్రం ఆపలేదు.

ఆకు పెరిగే చోటు చూస్తానన్నాను. పోలమ్మ ముందు, మేం వెనక. ఉప్పుకాలవ ఒడ్డున పర్ర మైళ్లకొద్దీ పరుచుకుని ఉంది. నీళ్లు దిగిపోయిన చోట నేల మీద తెల్లటి పూత. వేలితో రాసి చూస్తే ఉప్పు. దాని మధ్యనే ఇలకూర గుబురుగా, నవనవలాడుతూ పెరిగింది. వేరే మొక్కంటూ ఏదీ బతకని చోటది. దగ్గరగా చూద్దామని ఒక అడుగు పక్కకు వేశాను. మోకాలి దాకా బురదలో దిగిపోయాను. నన్ను బయటికి లాగారు గానీ నా చెప్పు రాలేదు. అది ఇప్పటికీ మైపాడు పర్రలోనే ఉంది. "టీచరమ్మ పరీక్ష తప్పింది" అని వదిన కడుపుబ్బ నవ్వింది. అన్నయ్య పోయాక ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు.

తిరిగొచ్చాక పోలమ్మ మాకని అప్పటికప్పుడు రొయ్యలేసి ఇలకూర వండింది. ఆకును సత్తు గిన్నెలో ఉడకబెట్టింది. గిన్నె దింపి, ఆ నీళ్లన్నీ వాకిట్లో ఇసకలో కుమ్మరించేసింది. మళ్లీ నీళ్లు పోసి ఇంకో పొంగు రానిచ్చి, అవీ పారబోసింది. తర్వాత ఆకును ముద్దలుగా పిండింది.

వదిన గభాల్న లేచింది. "అయ్యో అయ్యో! మందంతా పారబోస్తుండావే!"

పోలమ్మ వెనక్కి తిరిగింది. "మందేందమ్మా? ఉప్పు గదా అది. వంచకుంటే నోట్లో పెట్టలేం."

"మీరు కూరగా తింటారు, మేం మందుగా తీసుకుంటాం. తేడా లేదా?" అని వదిన నా వైపు తిరిగి, "చూసినావా, దగ్గరుండేవాళ్లకి దాని గొప్ప తెలీదు" అంది.

పోలమ్మ వాదించలేదు. బియ్యం ఇచ్చే మనిషితో వాదన ఎవరికి కావాలి? పడవలు పోని రోజుల్లో కడుపు నింపే కూర అది వాళ్లకి. అంతకు మించి దాని గురించి ఆమె ఎన్నడూ ఆలోచించి ఉండదు. వాళ్లాయనకు బీపీ ఉంటే ఆస్పత్రి మాత్రలు తెచ్చి వేస్తోంది.

నేను వాకిట్లోకి పోయి, వండగా మిగిలిన పచ్చి ఆకు ఒకటి తుంచి నమిలాను. సముద్రపు నీళ్లు తాగినట్టే ఉంది. ఆ మొక్క ఉప్పునేలలో బతికేదే ఉప్పును ఆకుల్లో దాచుకుని. ఉడికిస్తే అది నీళ్లలోకి దిగుతుంది. తరతరాలుగా వీళ్లు వంచి పారబోస్తున్న నీళ్లను మా వదిన మందని గ్లాసుల్లో పోసుకుని తాగుతోంది. ఉప్పు డబ్బా ఇంట్లోంచి గిరాటేసి, అంతకు అంత ఉప్పు కషాయంగా తాగుతోంది. మూడిళ్లకు క్యారేజీలు కట్టి పంపుతోంది. మొదటి రోజు రాత్రి నేనూ తాగాను, పైగా మెచ్చుకున్నాను.

ఇంకో సంగతి అప్పుడు తట్టింది. చేతిలోని ఆకు పారేసి లోపలికి వచ్చాను. "ఈ కషాయం ఎప్పటి నుంచి చేస్తున్నావు వదినా?" అని అడిగాను.

"మీ అన్నకి బీపీ వచ్చినప్పటి నుంచే గదా" అంది, రొయ్యల వాసన చూస్తూ.

తడ

శిరీషను అడక్కుండా వదినకు ఏమీ చెప్పలేక, దాన్ని చూసొద్దామని సూళ్లూరుపేట మీదుగా తడకు తీసుకెళ్లాను. రైల్లో సగం మంది అరవం మాట్లాడుతున్నారు. టీ అమ్మేవాడు ఒకే వాక్యంలో రెండు భాషలూ కలిపేస్తాడు. తడలో ఎటు చూసినా కంపెనీ బస్సులు, అద్దె ఇళ్లు, రకరకాల ఊళ్ల నుంచి వచ్చిన కుర్రకారు. శిరీష ఉండేది రెండు గదుల ఇల్లు. సాంబారులో బెల్లం వెయ్యడం మానేసింది ఇప్పుడు. ఆ ఊరి అలవాటు అంటుకుంది.

వదిన స్నానానికి వెళ్లినప్పుడు మైపాడులో చూసింది దానికి చెప్పాను. అది పొయ్యి కట్టేసి వంటగది గోడకానుకుంది.

"అత్తా, నాన్న మాత్రలు మానేసింది ఆ ఆకు చూసుకునే. అమ్మ పొద్దునా సాయంత్రం గ్లాసు పట్టుకుని వెంటపడేది. నాన్న వద్దంటే అలిగేది" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఆ ముక్క మాత్రం అమ్మకి చెప్పొద్దు. ఆకు ఇప్పుడు దొరకడం లేదందాం. డాక్టరు వద్దన్నాడందాం. ఏదో ఒకటి. తన చేత్తోనే పెట్టినానని తెలిస్తే అమ్మ బతకదు."

నాకూ అదే సబబనిపించింది. పోయింది నాకూ అన్నయ్యే. పోలమ్మ వాకిట్లో నాకు ముందు కోపం వచ్చింది. వదిన మీద కాదు, ఆ గ్లాసు అందుకుని తాగిన మా అన్నయ్య మీద. వ్యవసాయం చదివినవాడు, చవిటి నేలలు చూసినవాడు, నాలుక మీద ఉప్పు తగిలినా అడగలేదా? అడిగితే ఆవిడ నొచ్చుకుంటుందని ఊరుకుని ఉంటాడు. వాడి స్వభావం అది. ఆ తర్వాత కోపం పోయి ఏడుపొచ్చింది.

కానీ చెప్పకపోతే చెంగమ్మ ఏం కావాలి? మిగతా రెండిళ్లు? వదిన తన వరకు మానేసినా వాళ్లకు వండి పంపడం మానదు. ఆవిడకు అది పుణ్యకార్యం. ఆ ఆలోచనతో నాకు పక్క మీద నిద్ర పట్టలేదు.

పులికాట్ అంచున

పొద్దున్నే శిరీష డ్యూటీకి పోయింది. కొంగలు వచ్చాయి చూద్దాం రమ్మంటే వదిన బయల్దేరింది. పులికాట్ సరస్సు నీళ్లు పలచగా, మోకాళ్ల లోతున పరుచుకుని ఉన్నాయి. దూరంగా రాజహంసలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. వాటిని చూడటానికి మద్రాసు నుంచి కార్లలో వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుంటున్నారు.

వదిన కొంగల వంక చూడనే లేదు. ఒడ్డున ఇలకూర కనపడింది ఆవిడకు. "అబ్బ, ఈడ ఎంత ఉండాదో చూడు పద్మా! మైపాడు దాకా పోబళ్లా" అని కొంగు దోపుకుని కొయ్యడం మొదలుపెట్టింది. "ఇది చెంగమ్మకి. పాపం ఆమెకి ఈ మధ్యన తలనొప్పి ఎక్కువగా ఉంటుండాది. ఇంకో గ్లాసు ఎక్కువియ్యాల" అంది.

ఆ మాటతో నాకు చెప్పక తప్పలేదు.

"వదినా, ఒక ఆకు నోట్లో వేసుకో."

వేసుకుంది.

"ఎలా ఉంది?"

"ఎట్టుంటాది, ఉప్పగా."

"అది ఉప్పే వదినా. మందు కాదు. మనం మానేసిన ఉప్పే. ఉడికిస్తే నీళ్లలోకి దిగుతుంది. అందుకే పోలమ్మ వంచి పారబోస్తుంది. ఆ ఆకులో మంచి గుణాలు ఉంటే ఉండొచ్చు. ఆ నీళ్లు తాగితే మాత్రం బీపీ తగ్గదు, పెరుగుతుంది."

ఆవిడ నమలడం ఆపింది. నా ముఖంలోకి చూసింది. నేను వేళాకోళం ఆడుతున్నానేమోనని వెతికినట్టుంది.

"నేను పారబొయ్యలేదే" అంది చివరికి.

ఒడిలోని ఆకు వంక చూసుకుంది.

"మీ అన్నకి గ్లాసు నిండా ఇచ్చినాను. పొద్దునా, సాయంత్రం. గొంతు దిగడం లేదు కస్తూరీ అంటే, మందు గదా అట్టనే ఉంటాది అన్నాను." లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. దానికే నాకు భయం వేసింది. "నా వల్లనే పోయినాడా పద్మా?"

దారి పొడుగునా ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అదొక్కటే అని ఎవరూ చెప్పలేరు వదినా. అన్నయ్య మాత్రలు మానేశాడు. చెరువు నష్టాల దిగులు ఉంది. వయసు ఉంది. మా నాన్న కూడా అలాగే పోయాడు. వీటిలో ఉప్పూ ఒకటి. ఎంత భాగమో నాకు తెలియదు. నువ్వు ప్రేమతో పెట్టావని మాత్రం తెలుసు. వాడికీ తెలుసు, అందుకే తాగాడు."

"ఎందుకు చెప్పినావు నాకు?"

"చెంగమ్మ కోసం చెప్పాను. నీ కోసం చెప్పాను. ఇంకొకరు పోకూడదు."

ఆవిడ నీళ్ల అంచున కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. కార్లలో వచ్చినవాళ్లు మమ్మల్ని ఫోటోకి అడ్డం తప్పుకోమన్నారు. మేం కదల్లేదు. వదిన అప్పుడు ఏడ్చింది. భర్త శవం దగ్గర కూడా అలా ఏడవలేదు. నా భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా అన్నయ్య కోసం మేమిద్దరం కలిసి ఏడవడం అదే మొదటిసారి. చాలాసేపటికి లేచి, ఒడిలోని ఆకంతా సరస్సులో దులిపేసింది.

శిరీష సెలవు పెట్టి వచ్చి ఆవిడను సూళ్లూరుపేటలో డాక్టరుకి చూపించింది. ఆయన పాత మాత్ర మార్చి వేరేది రాశాడు, కాళ్లు వాస్తే మానెయ్యకుండా తనకు చెప్పమన్నాడు. తెల్లమద్ది చెక్క సంగతి అడిగితే, దాని గురించి ఇంకా పరీక్షలు జరుగుతున్నాయి, మాత్రకు బదులుగా మాత్రం వద్దు అన్నాడు. వదిన అన్నిటికీ తలూపింది. మాత్రలు కొంగున కట్టుకుంది గానీ వేసుకోలేదు. నేను బతిమాలాను. శిరీష కోప్పడింది. "ఇంటికి పోవాల" అని ఆవిడ సంచి సర్దుకుంది.

మళ్లీ తోటపల్లి గూడూరు

బస్సు దిగి ఇంటి తాళం తియ్యకుండానే వదిన ఎదురింటికి నడిచింది. నేను సంచులతో వెనకే వెళ్లాను. చెంగమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి, "వచ్చినారా? నాలుగు దినాలుగా కషాయం లేక నోరు చప్పబడింది కస్తూరీ" అంది.

వదిన మెట్టు ఎక్కలేదు. కింద నిలబడే చెప్పింది. "ఇంక కషాయం లేదు చెంగమ్మా. నేను నీకిచ్చిందాంట్లో ఉప్పుండాది. ఆ నీళ్లు పారబొయ్యాలంట, నేను పారబొయ్యలేదు. మా ఆయనకీ అదే పెట్టినాను."

చెంగమ్మ చేతిలో గింజ అలాగే ఉండిపోయింది. ఆమె కళ్లు నావైపు తిరిగాయి. నేను అవునన్నట్టు తలూపాను.

"నీ మాట మీద గదా నేను మాత్రలు మానేసింది" అంది చెంగమ్మ.

"అవును."

"నాకేమన్నా అయ్యుంటే?"

"నాదే తప్పు. అందుకే ఇంట్లోకి పోకుండా నీ దగ్గరికే వచ్చినాను. తిట్టు. మాత్రలు మాత్రం మళ్లా మొదలుపెట్టు. నావి గూడా ఇంకా కొంగునే ఉండాయి."

చెంగమ్మ తిట్టలేదు. పళ్లెం పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, మావైపు చూడకుండా లోపలికి పోయింది. ఇక రాదనుకున్నాను. వదిన కూడా అలాగే అనుకుందేమో, రెండో ఇంటి వైపు తిరిగింది. నేనూ సంచులు ఎత్తుకున్నాను.

"ఏమ్మే కస్తూరీ, యాడికి పోతుండావు?" అని వెనక నుంచి కేక.

చెంగమ్మ గడపలో నిలబడి ఉంది. పోయిన వారం ఆస్పత్రి నర్సమ్మ ఇంటికొచ్చి ఇచ్చిపోయిన మాత్రల పొట్లం చంకలో ఇరికించుకుని, రెండు చేతుల్లో రెండు గ్లాసుల మంచినీళ్లు పట్టుకుని ఉంది.

"నీది కొంగునే ఉండాదిగా, ముడి ఇప్పు" అని ఒక గ్లాసు వదినకు అందించింది.